ఒకే ఆటగాడు, పన్నెండు క్లబ్బులు: ఇంగ్లండ్ ఫుట్‌బాల్ కింది డివిజన్లలో మిడ్‌ఫీల్డర్ కెరీర్ ఎలా నడుస్తుంది?

కాకినాడ_కార్నర్
లీగ్ టూలో ఏ జట్టు తీసుకున్నా ముప్పై దాటిన మిడ్‌ఫీల్డర్ ఒకడు ఉంటాడు. పది పన్నెండు క్లబ్బులు, మధ్యలో రెండు మూడు లోన్లు (కొంతకాలం వేరే క్లబ్బుకు అరువుగా ఆడటం), ఎక్కడా మూడేళ్లకు మించి నిలవడు. ఆ ఊరి బయట పేరు ఎవరికీ తెలియదు, లీగ్ మ్యాచ్‌లు మాత్రం 400 దాటి ఉంటాయి. ఇన్ని క్లబ్బులు మారడం ఆటగాడి లోపమా, వ్యవస్థే అలా తిప్పుతుందా? కాంట్రాక్టు ఎలా రాస్తారు, ఎప్పుడు తీసేస్తారు, డబ్బెంత వస్తుంది? ఒకడు 37 దాకా ఆడితే ఇంకొకడు 27కే ఎందుకు కనబడకుండా పోతాడు? తెలిసినవాళ్లు కాస్త వివరంగా రాయండి. ప్రీమియర్ లీగ్ కబుర్లు ఇక్కడ వద్దు.

లీగ్‌టూ_లెక్కలు
మంచి ప్రశ్న అన్నా. మెట్ల సంగతి ముందు చెప్పేస్తాను. ప్రీమియర్ లీగ్ కింద ఉండేది ఈఎఫ్‌ఎల్ (ఇంగ్లిష్ ఫుట్‌బాల్ లీగ్). అందులో వరసగా చాంపియన్‌షిప్, లీగ్ వన్, లీగ్ టూ, ఒక్కోదానిలో 24 చొప్పున మొత్తం 72 క్లబ్బులు. వాటి కింద నేషనల్ లీగ్, దాని కింద నేషనల్ లీగ్ నార్త్, సౌత్. లీగ్ టూ నుంచి ముగ్గురు నేరుగా, నాలుగోవాళ్లు ప్లేఆఫ్ గెలిచి పైకి వెళ్తారు. అడుగున ఉన్న ఇద్దరు నేషనల్ లీగ్‌కి దిగిపోతారు. సీజన్‌కు 46 లీగ్ మ్యాచ్‌లు, కప్పులు అదనం.

ఇలాంటి ఆటగాడి జీవితాన్ని నడిపేది మ్యాచ్‌ల క్యాలెండర్ కాదు, కాంట్రాక్టు క్యాలెండర్. కాంట్రాక్టులు జూన్ 30తో ముగుస్తాయి. ఎవరిని ఉంచుకుంటారో, ఎవరిని వదిలేస్తారో క్లబ్బు మే నెల మూడో శనివారానికల్లా ఆటగాడికి చెప్పాలి. ఆ జాబితానే అక్కడ రిటైన్డ్ లిస్ట్ అంటారు. వదిలేస్తే ఆ తర్వాత ఒక నెల మూల జీతం వస్తుంది, ఈలోగా వేరే క్లబ్బులో చేరితే అదీ ఆగిపోతుంది. అంటే పెళ్లాం పిల్లలున్న ముప్పై ఏళ్ల మనిషికి మే మూడో వారం నుంచి జులై ఆఖరు దాకా పది వారాల గడువు. ఆలోగా కొత్త కాంట్రాక్టు రాకపోతే ఆగస్టులో జీతం సున్నా.

కింది డివిజన్లలో కాంట్రాక్టు ఏడాదో, రెండేళ్లో. మూడేళ్లు అరుదు, అది ఎదిగే కుర్రాడికే ఇస్తారు, తర్వాత అమ్ముకోవచ్చని. కాబట్టి పదిహేనేళ్ల కెరీర్‌లో పది క్లబ్బులంటే ఆశ్చర్యపోనక్కర్లేదు. ఏడాదిన్నరకోసారి కాగితం చివరికొస్తుంది, వచ్చినప్పుడల్లా మేనేజర్ మారి ఉంటాడు. కొత్త మేనేజర్ తన పాత క్లబ్బు నుంచి తనకు తెలిసిన మిడ్‌ఫీల్డర్‌ని వెంట తెచ్చుకుంటాడు. జట్టులో ముందుగా మారేది ఆ మధ్య వరసే.

స్లౌ_శ్రీధర్
> ఆటగాడి లోపమా, వ్యవస్థే అలా తిప్పుతుందా?

రెండూ అని నా అభిప్రాయం. నిజంగా మంచివాడైతే క్లబ్బు వదులుకోదు కదా. బోస్మన్ తీర్పు తర్వాత కాంట్రాక్టు అయిపోతే అందరూ స్వేచ్ఛగా వెళ్లొచ్చు, అందుకే ఇంత తిరుగుడు.

లీగ్‌టూ_లెక్కలు
శ్రీధర్ గారూ, "అందరూ" అన్నదే సరికాదు. బోస్మన్ తీర్పు 1995 డిసెంబరు 15న వచ్చింది. ఇంగ్లండ్ లోపల 24 ఏళ్లు నిండనివాడికి వేరే లెక్క. పాత జీతానికి తగ్గకుండా క్లబ్బు కొత్త కాంట్రాక్టు ఇవ్వజూపితే, అతను కాదని వెళ్లినా తీసుకునే క్లబ్బు పరిహారం కట్టాలి. ఎంత కట్టాలో రెండు క్లబ్బులూ తేల్చుకోలేకపోతే ట్రైబ్యునల్ తేలుస్తుంది.

దీనివల్ల దెబ్బతినేది 21 నుంచి 23 మధ్య ఉన్న మిడ్‌ఫీల్డర్. పై క్లబ్బు అతన్ని ఆడించదు. కొత్త కాంట్రాక్టు మాత్రం ముందు పెడుతుంది, హక్కు పోకూడదని. లీగ్ టూ క్లబ్బు దగ్గర పరిహారానికి డబ్బుండదు. చివరికి లోన్. ఆ మూడేళ్లలో మూడు ఊళ్లు, ముగ్గురు మేనేజర్లు, మూడు రకాల ఆట. అతని పేరు పక్కన కనబడే లోన్లలో సగం ఇవే. 2016 దాకా సీజన్ మధ్యలో ఎమర్జెన్సీ లోన్లు కూడా ఉండేవి, గరిష్ఠంగా 93 రోజులు. ఆ కాలం ఆటగాళ్లకు ఒకే సీజన్‌లో మూడు క్లబ్బుల పేర్లు కనిపించేది అందుకే.

24 దాటాక, కాంట్రాక్టు ముగిస్తే ఉచితం. మంచివాడైతే క్లబ్బు వదులుకోదన్న మాట లీగ్ టూలో నిలబడదు. బడ్జెట్ ఆటగాళ్లను బట్టి కాదు, డివిజన్‌ను బట్టి మారుతుంది. క్లబ్బు కిందికి జారితే మంచివాడినే ముందు వదులుకుంటుంది, ఎక్కువ జీతం అతనిదే కాబట్టి.

కాకినాడ_కార్నర్
ఆ జీతమే తేలడం లేదండీ. ఒక్కో చోట ఒక్కో అంకె కనిపిస్తోంది.

లీగ్‌టూ_లెక్కలు
వినికిడి అంకెలు పక్కన పెట్టి, ప్రకటించిన అంకె పట్టుకుందాం. 2020 ఆగస్టులో ఈఎఫ్‌ఎల్ జీతాల పరిమితి తెచ్చింది: ఏడాదికి లీగ్ వన్‌లో 25 లక్షల పౌండ్లు, లీగ్ టూలో 15 లక్షలు. ఆటగాళ్ల సంఘం పీఎఫ్‌ఏ దాని మీద మధ్యవర్తిత్వానికి వెళ్లి గెలిచింది, 2021 ఫిబ్రవరిలో అది రద్దయింది. అయినా క్లబ్బుల స్థాయి అంచనాకు ఆ అంకె పనికొస్తుంది.

15 లక్షలను 24 మందికి పంచితే తలకు ఏడాదికి 62,500. వారానికి సుమారు 1,200 పౌండ్లు. 25 లక్షలైతే వారానికి 2,000. ఆ పరిమితిలో బోనస్‌లు, ఏజెంట్ల రుసుములు కూడా కలిపారు కాబట్టి చేతికొచ్చే సగటు అంతకన్నా తక్కువే. గోల్స్ కొట్టేవాడికి సగటుకన్నా బాగా ఎక్కువ పోతుంది. మిడ్‌ఫీల్డర్‌కి మిగిలింది.

62,500 మీద 2024-25 పన్ను వేసి చూద్దాం. మొదటి 12,570కి పన్ను లేదు. తర్వాతి 37,700కి 20 శాతం, అంటే 7,540. మిగిలిన 12,230కి 40 శాతం, 4,892. నేషనల్ ఇన్సూరెన్స్ ఇంకో 3,260 దాకా. చేతికి మిగిలేది 46,800, నెలకు 3,900 పౌండ్లు. మంచి ఉద్యోగి జీతమే, కాదనను. కానీ ఇది ముప్పై అయిదుకు ఆగిపోయే ఉద్యోగం. పైగా ఉండే ఊరు ఏడాదిన్నరకోసారి మారుతుంది. ఒక చోట ఇల్లు కొనుక్కుని ఇంకో చోట అద్దె కట్టేవాళ్లు ఎందరో.

రెండోబంతి
ఆట సంగతి ఎవరూ రాయలేదు, నేను రాస్తా. లీగ్ టూ మిడ్‌ఫీల్డర్ ఎందుకు విలువైనవాడో టీవీ ముఖ్యాంశాల్లో కనబడదు.

ఒక్క గోల్ కిక్ చూడండి. గోల్‌కీపర్ 60 గజాల బంతి కొడతాడు. అక్కడ ఆరడుగుల స్ట్రైకర్, ఆరడుగుల సెంటర్ బ్యాక్ కలిసి గాల్లోకి లేస్తారు. తల తగిలాక బంతి ఎక్కడ పడుతుందో, అక్కడికి ఎవడు ముందు చేరతాడో అదే మ్యాచ్. దీన్ని సెకండ్ బాల్ అంటారు. మంచి మిడ్‌ఫీల్డర్ బంతి వంక చూడడు, లేచే ఇద్దరి భుజాల వంక చూస్తాడు. సెంటర్ బ్యాక్ వెనక్కి వాలి లేస్తే తలకు సరిగా తగలదు, బంతి పొట్టిగా పడుతుంది, కాబట్టి నాలుగడుగులు ముందుకు. ఎదురు పరుగుతో లేస్తే బంతి 15 గజాలు తిరిగి వస్తుంది, కాబట్టి వెనక్కి. గాలి ఎటు వీస్తోందో, మైదానం తడిసిందో లేదో ముందే చూసుకుని ఉంటాడు. బంతి అందాక రెండు టచ్‌లలో పక్కకు ఇచ్చేస్తాడు. ఇదే పని మ్యాచ్‌లో నలభై సార్లు.

కుర్రాళ్లు తప్పేది ఇక్కడే. పెద్ద క్లబ్బు అకాడమీ నుంచి లోన్ మీద వచ్చినవాడు బంతి కాళ్ల దగ్గరకు వస్తుందని ఆగుతాడు. ఎంత నైపుణ్యం ఉన్నా ఆ సెకను ఆలస్యానికి ఎదుటివాడు మీద పడతాడు. నవంబరు వచ్చేసరికి బెంచీ మీద కూర్చుంటాడు. అదే చోట 33 ఏళ్ల అతను పరుగు తగ్గినా ముందే చేరతాడు.

వయసుతో చోటు మారడం ఇంకో సంగతి. 20ల్లో రెండు పెనాల్టీ బాక్సుల మధ్య పరిగెత్తేవాడు 29, 30 కల్లా డిఫెన్స్ ముందు నిలబడే ఆరో నంబర్ కావాలి. 33కి కుడి బ్యాక్‌గానో, ముగ్గురి డిఫెన్స్‌లో ఒకడిగానో ఆడగలగాలి. ఈ మార్పుకు ఒప్పుకోని మిడ్‌ఫీల్డర్లే 27, 28కి మాయమయ్యేది. కాళ్లు ఆగిపోయి కాదు, అదే పనిని సగం జీతానికి చేసే 21 ఏళ్లవాడు దొరుకుతాడు కనుక.

పాతస్కోరు
రెండోబంతి గారు చెప్పినదానికి అచ్చమైన ఉదాహరణ టోనీ ఫోర్డ్. 1959 మే 14న గ్రిమ్స్‌బీలో పుట్టాడు. 1975 అక్టోబరులో 16 ఏళ్ల 143 రోజుల వయసుకే గ్రిమ్స్‌బీ టౌన్‌కి ఆడాడు. తర్వాత స్టోక్ సిటీ, వెస్ట్ బ్రామ్, మళ్లీ గ్రిమ్స్‌బీ, స్కన్‌థార్ప్, లీగ్ బయట బారో, మళ్లీ లీగ్‌లోకి మాన్స్‌ఫీల్డ్, చివరికి రోచ్‌డేల్. మధ్యలో సండర్‌లాండ్‌కి లోన్. 2001లో ఆపేసరికి 931 లీగ్ మ్యాచ్‌లు. గోల్‌కీపర్లను పక్కన పెడితే ఇంకా ఎవరూ అందుకోని రికార్డు అది. ఫోర్డ్ మొదట్లో కుడి వింగ్ మీద పరిగెత్తేవాడు, వయసు పెరిగేకొద్దీ అదే పక్కన కుడి బ్యాక్‌గా వెనక్కి జరిగాడు. పక్క మారలేదు, దూరం తగ్గించుకున్నాడు. అందుకే నలభై దాటాక కూడా ఆడాడు.

రెండోది గ్రాహమ్ అలెగ్జాండర్. స్కన్‌థార్ప్‌లో మిడ్‌ఫీల్డర్‌గా మొదలై, లూటన్ మీదుగా ప్రెస్టన్‌కి వెళ్లి కుడి బ్యాక్‌గా స్థిరపడ్డాడు. బర్న్లీలో మళ్లీ డిఫెన్స్ ముందుకు వచ్చి, 2009లో 37 ఏళ్ల వయసులో ప్రీమియర్ లీగ్‌లో తొలి మ్యాచ్ ఆడాడు. మొత్తం వెయ్యి మ్యాచ్‌లు దాటాయి. ఎక్కడికెళ్లినా పెనాల్టీలు అతనివే. పెనాల్టీ, ఫ్రీ కిక్, లాంగ్ త్రో లాంటి ఏదో ఒక పని చేతిలో ఉన్న మిడ్‌ఫీల్డర్‌కి కాంట్రాక్టు ఇంకో ఏడాది పొడిగించడానికి మేనేజర్‌కి కారణం దొరుకుతుంది.

ధర ఎలా ఎగుడు దిగుడవుతుందో చూడాలంటే గారెత్ ఐన్స్‌వర్త్. బ్లాక్‌బర్న్ వదిలేసిన కుర్రాడు. నార్త్‌విచ్ విక్టోరియా అనే నాన్‌లీగ్ జట్టులో ఆడి ప్రెస్టన్, కేంబ్రిడ్జ్, మళ్లీ ప్రెస్టన్. అక్కడి నుంచి 1995లో లింకన్ సిటీ అతన్ని 25,000 పౌండ్లకు కొంది. 1997లో పోర్ట్ వేల్ 5 లక్షలకు కొంది. 1998లో అప్పటికి ప్రీమియర్ లీగ్‌లో ఉన్న వింబుల్డన్ 20 లక్షలకు కొంది. మూడేళ్లలో 80 రెట్లు. తర్వాత గాయాలు, నాలుగేళ్లకు పైగా ఉండి అక్కడ నలభై లీగ్ మ్యాచ్‌లు కూడా పూర్తి చేయలేకపోయాడు. 2003లో క్యూపీఆర్ (క్వీన్స్ పార్క్ రేంజర్స్)కి ఉచితంగా వెళ్లాడు, మరుసటి ఏడాదే ఆ జట్టు పై డివిజన్‌కి ఎక్కింది. చివరికి వికమ్. 2012లో ఆటగాడిగా ఉంటూనే అక్కడ మేనేజర్ అయ్యాడు. 2014 మేలో ఆఖరి రోజున టార్కీలో 3-0తో గెలిచి, గోల్స్ తేడాతో నేషనల్ లీగ్‌లో పడకుండా బయటపడ్డారు. 2020లో అదే జట్టును ప్లేఆఫ్ ఫైనల్లో ఆక్స్‌ఫర్డ్ మీద 2-1 గెలిపించి చాంపియన్‌షిప్‌కి చేర్చాడు. లీగ్ టూ జట్టు ఎలా నడుస్తుందో ఆటగాడిగా అన్ని మూలలూ చూసినవాడు కాబట్టే అది సాధ్యమైందని గట్టిగా నమ్ముతాను.

ఫిజియో_పద్మ
27కి మాయమవడానికి ఇంకో కారణం రాయాలి, అది శరీరం, కాంట్రాక్టు రెండూ కలిసే చోటు.

సెంట్రల్ మిడ్‌ఫీల్డర్ మ్యాచ్‌కు 10 నుంచి 12 కిలోమీటర్లు కదులుతాడు. అందులో తిరగడం, ఆగడం, ట్యాకిల్‌కి కాలు చాచడం ఎక్కువ. కాబట్టి గజ్జలు, తొడ వెనక కండరం, చీలమండ ముందు పాడవుతాయి. శనివారం మ్యాచ్ సాయంత్రం అయిదుకు అయిపోతుంది, మంగళవారం రాత్రి 7:45కి మళ్లీ మ్యాచ్. మధ్యలో 75 గంటలు. అందులో బస్సు. కార్లైల్ నుంచి ప్లిమత్ 600 కిలోమీటర్ల పైమాటే, ఆ రెండు క్లబ్బులూ లీగ్ టూలో కలిసి ఆడిన సీజన్లున్నాయి. ఆరేడు గంటలు మోకాలు మడిచి కూర్చుంటే తొడ వెనక కండరం బిగిసిపోతుంది. గాయం నయమైనవాడికి అది మళ్లీ తిరగబెట్టేది చాలాసార్లు ఇలాంటి ప్రయాణం తర్వాత మొదటి పావుగంటలోనే. రెండు గంటలకోసారి బస్సు ఆపి నడిపించాలి, దిగాక 20 నిమిషాలు తేలికపాటి కదలికలు చేయించాలి. మేనేజర్ ఆలస్యమవుతోందని దాన్నే ముందు కోసేస్తాడు.

తొడ వెనక కండరం మధ్యస్థంగా చిరిగితే మైదానంలోకి దిగడానికి నాలుగు నుంచి ఆరు వారాలు. నొప్పి మాత్రం రెండు వారాలకే పోతుంది. ప్రమాదం అక్కడే. పూర్తి వేగంతో పరుగు కనీసం మూడు నాలుగు సాధనల్లో నొప్పి లేకుండా చేశాకే మ్యాచ్ ఆడించాలి. చిన్న క్లబ్బులో ఒకే ఫిజియో, మిడ్‌ఫీల్డ్‌లో మనిషి లేడు, పదిహేడో రోజునే దింపుతారు. రెండోసారి చిరిగితే పది వారాలు.

ఇప్పుడు కాంట్రాక్టు. గాయాల చరిత్ర ఉన్నవాడికి "ఆడితేనే డబ్బు" తరహా ఒప్పందం ఇస్తారు: మూల జీతం తక్కువ, ఆడిన ప్రతి మ్యాచ్‌కీ రుసుము ఎక్కువ. క్లబ్బుకు అది న్యాయంగానే కనిపిస్తుంది. జరిగేది ఏమిటంటే, మనిషి నొప్పి దాచి ఆడతాడు. గజ్జల నొప్పితో ఇంజెక్షన్ వేయించుకుని డిసెంబరు గడుపుతాడు, ఫిబ్రవరికి శస్త్రచికిత్స దాకా వస్తుంది. మేలో జాబితా వచ్చేనాటికి అతను ఊతకర్రల మీద ఉంటాడు. అలాంటివాడిని ఏ క్లబ్బు తీసుకుంటుంది? 27కి మాయమైనవాళ్ల చిట్టా తీస్తే చివరి రెండు సీజన్లలో 12 మ్యాచ్‌లు, 9 మ్యాచ్‌లు అని కనబడేది ఇందుకే.

స్లౌ_శ్రీధర్
పద్మ గారూ, మంచి వివరణ. అయితే గాయమైతే జీతం ఆగిపోదు కదా, ఈఎఫ్‌ఎల్ కాంట్రాక్టులో రక్షణ ఉంది?

ఫిజియో_పద్మ
కాంట్రాక్టు నడుస్తున్నంతకాలం ఉంది. ఆటలో తగిలిన గాయానికి మూల జీతం వస్తుంది. ఆడితే వచ్చే రుసుము మాత్రం రాదు, నేను చెప్పిందీ అదే. నేషనల్ లీగ్‌కి దిగితే రక్షణ ఇంకా పలచబడుతుంది. 2022లో అక్కడి కొత్త కాంట్రాక్టు నమూనాలో గాయపడినవారి హక్కులు తగ్గించే నిబంధనలున్నాయని పీఎఫ్‌ఏ బహిరంగంగానే అభ్యంతరం చెప్పింది. లీగ్ టూ నుంచి కిందికి వెళ్తున్న 31 ఏళ్లవాడు జీతం అంకె కన్నా ముందు ఆ పేజీ చదవాలి.

లీగ్‌టూ_లెక్కలు
కాంట్రాక్టులో గొడవలు ఎక్కువగా పుట్టే వాక్యం ఇంకొకటి ఉంది: మ్యాచ్‌ల లెక్కతో పొడిగింపు. ఉదాహరణకు "సీజన్‌లో 25 లీగ్ మ్యాచ్‌లు ఆడితే ఇంకో ఏడాది". ఇది ఆటగాడికి భరోసా అనుకుంటాం. మార్చి నెలాఖరుకు అతను 23 దగ్గర ఉంటాడు, జట్టు పట్టిక మధ్యలో ఉంటుంది, ఆడటానికి పెద్దగా ఏమీ మిగలదు. అప్పుడు యాజమాన్యం నుంచి మేనేజర్‌కి మాట వస్తుంది, అతను 18 ఏళ్ల కుర్రాడిని దింపుతాడు. అందరికీ తెలిసిన ఎత్తుగడ ఇది.

సంతకం పెట్టే ముందు మూడు మాటలు తేల్చుకోవాలి. "ఆడితే" అంటే మొదటి పదకొండులో ఉండాలా, 89వ నిమిషంలో దిగినా లెక్కేనా? కప్పు మ్యాచ్‌లు కలుస్తాయా? గాయంతో పోయిన మ్యాచ్‌లకు అంకె తగ్గుతుందా? ఏజెంట్ మంచివాడైతే 25 బదులు 20 రాయించి, జనవరి నాటికే అంకె దాటేలా చూస్తాడు. అలాగే పొడిగింపు హక్కు క్లబ్బుది ఒక్కదానిదేనా, ఇద్దరిదీనా అన్నది. క్లబ్బుది మాత్రమే అయితే జీతం అదే, పై డివిజన్ నుంచి పిలుపొచ్చినా కదలలేడు.

జట్టు కిందికి జారితే జీతం ఎంత శాతం తగ్గుతుందన్న వాక్యం కూడా ఉంటుంది. అది ఉంటే, అలా జరిగినప్పుడు ఉచితంగా వెళ్లిపోయే హక్కు కూడా రాయించుకోవాలి. ఒకటి లేకుండా ఇంకొకదానికి ఒప్పుకోవడం చాలా నష్టం.

రెండోబంతి
పసుపు కార్డుల లెక్క కూడా దీనికి ముడిపడి ఉంది. ఈఎఫ్‌ఎల్‌లో మొదటి 19 మ్యాచ్‌లలోపు 5 కార్డులైతే ఒక మ్యాచ్ నిషేధం, 37 లోపు 10 అయితే రెండు, సీజన్‌లో 15 అయితే మూడు. ట్యాకిల్ చేయడమే పనిగా ఉన్న ఆరో నంబర్‌కి ఏటా రెండు మూడు మ్యాచ్‌లు ఇలా పోతాయి. 25 లెక్కలో అవీ పోయినట్టే. అనుభవం ఉన్నవాడు 17, 18వ మ్యాచ్ నాటికి నాలుగు కార్డులుంటే, మైదానం మధ్యలో చొక్కా పట్టి లాగే పని పక్కవాడికి అప్పగిస్తాడు. రిఫరీతో మాట్లాడటం కెప్టెన్‌కి వదిలేస్తాడు. మాట మీద వచ్చే కార్డంత దండగ ఇంకోటి లేదు.

కాకినాడ_కార్నర్
క్లబ్బే జీతం ఇవ్వకపోతే? బరీ సంగతి చదివాను. మన బైచుంగ్ భూటియా ఆడిన క్లబ్బు కదా.

పాతస్కోరు
అవును, అదే బరీ. భూటియా 1999లో చేరాడు, అక్టోబరు 3న కార్డిఫ్ సిటీ మీద తొలి మ్యాచ్. అప్పుడు బరీ మూడో మెట్టులో ఉండేది. చెస్టర్‌ఫీల్డ్ మీద 2000 ఏప్రిల్‌లో మొదటి లీగ్ గోల్ కొట్టాడు. ఫార్వర్డ్ అయినా మనం మాట్లాడుకుంటున్న లోకంలో మనవాడు గడిపిన కాలం అది: తడిసిన మైదానాలు, మంగళవారం రాత్రుళ్లు, మోకాలి బాధలు. పదేళ్లకు సునీల్ ఛెత్రి క్యూపీఆర్‌కి సంతకం చేస్తే వర్క్ పర్మిట్ రాలేదు, అప్పుడు ఐన్స్‌వర్త్ ఇంకా అక్కడే ఉన్నాడు. భారత పాస్‌పోర్టుతో ఆ డివిజన్లకు చేరే దారిలో ఆటకన్నా జాతీయ జట్టు ర్యాంకే పెద్ద అడ్డు.

బరీ 1885లో పుట్టిన క్లబ్బు, ఎఫ్‌ఏ కప్పు రెండుసార్లు గెలిచింది, 1900, 1903లో. 2019 వసంతంలో లీగ్ టూ నుంచి పైకి ఎక్కింది. ఆ ఆగస్టు 27న లీగ్ నుంచి బహిష్కరించారు. మైదానంలో గెలిచిన ఆటగాళ్లకే నెలల జీతాలు బకాయి. ఆ జాబితా తలచుకుంటే ఇప్పటికీ మనసు కలుక్కుమంటుంది.

లీగ్‌టూ_లెక్కలు
జీతం ఆగితే చేయాల్సినవి వరసగా: జీతం రావాల్సిన తేదీ రాసి పెట్టుకోవాలి. రాకపోతే ఆ రోజే పీఎఫ్‌ఏకి చెప్పాలి. 14 రోజులు దాటాక 14 రోజుల నోటీసు ఇవ్వొచ్చు, ఆలోగా మొత్తం కట్టకపోతే కాంట్రాక్టు రద్దు చేసుకుని వెళ్లిపోయే హక్కు ఆటగాడిది. సాధనకు వెళ్లడం మాత్రం మానకూడదు, మానితే తప్పు తన మీదకు మళ్లుతుంది.

నోటీసు ఎప్పుడిచ్చామన్నది కూడా ముఖ్యం. ట్రాన్స్‌ఫర్ విండో (ఆటగాళ్లు క్లబ్బు మారడానికి ఇచ్చే గడువు) మూసేలోపు కాంట్రాక్టు లేకుండా ఉన్నవాడు తర్వాత కూడా చేరొచ్చు. మూశాక రద్దు చేసుకున్నవాడికి దారి ఇరుకు. కాబట్టి జనవరి జీతం కోసం ఆశగా ఎదురుచూస్తూ విండో దాటబెట్టుకోకూడదు.

క్లబ్బు చేతులు మారితే ఆటగాళ్ల బకాయిలు పూర్తిగా కట్టాలన్న నియమం ఉంది. కానీ అది క్లబ్బు లీగ్‌లో మిగిలి ఉంటేనే పనిచేస్తుంది. బరీ విషయంలో ఆ ఆధారమే లేకుండా పోయింది.

స్లౌ_శ్రీధర్
31, 32కి నేషనల్ లీగ్ నార్త్, సౌత్‌లకు వెళ్లేవాళ్ల సంగతి కూడా చెప్పాలి. అక్కడ ఎక్కువ క్లబ్బులు పార్ట్‌టైమ్. మంగళ, గురువారాల సాయంత్రం సాధన, శనివారం మ్యాచ్. పగలు ఇంకో ఉద్యోగం చేసుకోవచ్చు. లీగ్ టూలో ఇంకో ఏడాది కాంట్రాక్టు కన్నా, ఇంటి దగ్గర రెండేళ్ల పార్ట్‌టైమ్ ఒప్పందం, పగటి ఉద్యోగం కలిపితే ఆదాయం దాదాపు సమానం కావచ్చు, ఊరు మారే ఖర్చు ఉండదు. దాన్ని పతనం అనడం నాకు నచ్చదు. తొలి పోస్టులో "లోపం" అన్న మాటకు నేను సగం మద్దతిచ్చాను గానీ, లెక్కలన్నీ చూశాక ఆ వైపు వాదించడానికి ఏమీ కనబడటం లేదు.

రెండోబంతి
దానికి వ్యతిరేక దారి కెవిన్ ఎలిసన్. నాన్‌లీగ్ ఆల్ట్రింగ్‌హామ్ నుంచి 2001లో లెస్టర్‌కి, తర్వాత స్టాక్‌పోర్ట్, చెస్టర్, హల్, ట్రాన్‌మియర్, రొథరమ్. 2011లో మోర్‌కమ్. అక్కడ తొమ్మిదేళ్లు. వదిలేశాక 41 ఏళ్ల వయసులో న్యూపోర్ట్ కౌంటీలో చేరి లీగ్ టూలోనే ఆడాడు. ఎడమ పక్క నుంచి లోపలికి వచ్చి గోల్స్ కొట్టే మిడ్‌ఫీల్డర్. 32 ఏళ్ల దాకా సంచారి, ఆ తర్వాత స్థిరనివాసి. సరిపోయే ఊరు, సరిపోయే మేనేజర్ దొరికితే అలా కూడా జరుగుతుంది.

కాకినాడ_కార్నర్
అందరికీ కృతజ్ఞతలు. చివరిగా ఒక్కటి. ఒక ఆటగాడి క్లబ్బుల చిట్టా చూసి అతని కెరీర్ ఎలా నడిచిందో చెప్పాలంటే ఏం చూడాలి?

లీగ్‌టూ_లెక్కలు
మూడు చూడండి. ఒకటి, చేరిన నెల. జూన్, జులై మొదట్లో చేరితే ఆ క్లబ్బు అతన్నే కోరుకుంది. ఆగస్టు చివర చేరితే వేరేవాళ్లు దొరకక తీసుకుంది. అక్టోబరులో చేరి జనవరిలో వెళ్లిపోతే నెలవారీ ఒప్పందం.

రెండు, మొదటి పదకొండులో ఎన్ని, సబ్‌స్టిట్యూట్‌గా ఎన్ని. 40 మ్యాచ్‌లు అని కనిపించినా అందులో 22 సబ్‌స్టిట్యూట్‌గా దిగినవైతే మరుసటి మేలో అతను జాబితాలో ఉండడు.

మూడు, వెళ్లిన చోట మేనేజర్ ఎవరు. ఒకే మేనేజర్ వెనక రెండు మూడు క్లబ్బులకు వెళ్లినవాడైతే డ్రెస్సింగ్ రూమ్‌లో అతని మాటకు విలువ ఉన్నట్టు. టోనీ ఫోర్డ్ చివరి ఏళ్లు చూడండి: మాన్స్‌ఫీల్డ్ మేనేజర్ స్టీవ్ పార్కిన్ రోచ్‌డేల్‌కి వెళ్తే ఫోర్డ్ కూడా వెళ్లాడు, తర్వాత అతని సహాయకుడిగా బార్న్‌స్లీకి. కోచింగ్ లైసెన్సులు ఆడుతూ ఉండగానే, 28, 29 ఏళ్లకే మొదలుపెట్టమని పీఎఫ్‌ఏ ఖర్చులో సాయం చేసేది ఇలాంటివాళ్ల కోసమే. యూఫా బి ముందు, తర్వాత ఏ. 34కి మొదలుపెడితే ఆలస్యం, అప్పటికి ఫోన్ చేసే మేనేజర్లు తగ్గిపోతారు.